ఓట్లకు తగిన స్థానాలు: 1919 నాటి స్విట్జర్లాండ్ పార్లమెంటు ఎన్నిక
(స్మారకోపన్యాస పాఠం)

1919 అక్టోబరు 26న స్విట్జర్లాండ్ పౌరులు తమ పార్లమెంటు దిగువ సభ అయిన జాతీయ మండలికి 189 మంది సభ్యులను ఎన్నుకున్నారు. 1848లో ఆధునిక సమాఖ్య రాజ్యం ఏర్పడిన నాటి నుంచి ఎన్నడూ చేజారని రాడికల్ పార్టీ ఆధిక్యత ఆ ఒక్కరోజుతో ముగిసిపోయింది. వందకు పైగా స్థానాలున్న ఆ పార్టీకి 60 మిగిలాయి. ఈ ఫలితాన్ని చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఒక పార్టీ పతనంగానో, సోషలిస్టుల ఎదుగుదలగానో చెబుతాయి. ఆ మాట అబద్ధం కాకపోయినా, అసలు విశేషం అందులో లేదు. పాలకపక్షం తనకు అనుకూలంగా ఉన్న ఎన్నికల పద్ధతిని తనంతట తాను వదులుకోలేదు, విప్లవం వచ్చి దాన్ని కూలదోయనూ లేదు; ఓటర్లే రెండు దశాబ్దాలకు మించకుండా మూడుసార్లు అదే ప్రశ్నను బ్యాలెట్ పెట్టె ముందుకు తెచ్చి, పార్లమెంటు అభీష్టానికి విరుద్ధంగా, ఆ పార్లమెంటు ఎన్నికయ్యే తీరునే మార్చివేశారు. 1919 ఎన్నికను ఆ సుదీర్ఘ ప్రయత్నానికి పర్యవసానంగా చూసినప్పుడే దాని విలువా, దాని వెలితీ రెండూ సరిగా తెలుస్తాయి.

స్విట్జర్లాండ్ రాజ్యవ్యవస్థ ఒక చిన్న అంతర్యుద్ధం నుంచి పుట్టింది. 1847 నవంబరులో ఏడు కాథలిక్ కాంటన్ల కూటమికీ, ఉదారవాదుల ఏలుబడిలో ఉన్న మిగిలిన కాంటన్ల సేనకూ మధ్య నెల రోజుల లోపే ముగిసిన పోరాటంలో జనరల్ డ్యూఫూర్ నాయకత్వాన సమాఖ్య పక్షం గెలిచింది. కాంటన్ అంటే సొంత రాజ్యాంగం, సొంత శాసనసభ, సొంత ప్రభుత్వం గల ఘటకరాజ్యం. మరుసటి ఏడాది వచ్చిన రాజ్యాంగం రెండు సభలను ఏర్పరచింది: జనాభా ప్రకారం స్థానాలు పంచుకునే జాతీయ మండలి ఒకటి, కాంటన్‌కు ఇద్దరు, అర్ధ కాంటన్‌కు ఒకరు చొప్పున సభ్యులుండే రాష్ట్రాల మండలి మరొకటి. ఈ రెండు సభలూ ఒకచోట కూర్చుని ఏడుగురు సభ్యుల సమాఖ్య మండలిని, అంటే మంత్రివర్గాన్ని, ఎన్నుకుంటాయి. యుద్ధంలో గెలిచిన ఉదారవాదులే, అంటే తరువాతి రాడికల్‌లే, ఈ వ్యవస్థను రూపొందించారు గనుక దాని పగ్గాలు కూడా వారి చేతనే ఉన్నాయి. ఓడిన కాథలిక్ కన్జర్వేటివ్‌లకు మంత్రివర్గంలో తొలి స్థానం దక్కడానికి 1891లో జోసెఫ్ జెంప్ ఎన్నికయ్యేదాకా, అంటే నలభై మూడేళ్లపాటు, వేచి ఉండవలసి వచ్చింది.

ఆ పగ్గాలను పట్టి ఉంచిన సాధనం ఎన్నికల పద్ధతి. దేశమంతటినీ నియోజకవర్గాలుగా విభజించి, చాలాచోట్ల ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులను ఎన్నుకునేవారు. ఓటరు ఎన్ని స్థానాలుంటే అన్ని పేర్లు రాసేవాడు. పోలైన ఓట్లలో సగానికి మించి తెచ్చుకున్నవారు గెలిచేవారు, ఎవరికీ సగం రాకపోతే మళ్లీ ఓటింగు జరిగేది. పైకి న్యాయంగానే కనిపించే ఈ పద్ధతిలో, ఒక పార్టీ వెనుక నూటికి 53 మంది గట్టిగా నిలిస్తే నియోజకవర్గంలోని స్థానాలన్నీ దానివే అవుతాయి, మిగిలిన 47 మందికి ప్రతినిధి అనేవాడే ఉండడు. సరిహద్దులు గీసే అధికారం సమాఖ్య పార్లమెంటుదే గనుక, కాథలిక్ గ్రామాలను రాడికల్ పట్టణాలతో కలిపి, కార్మిక పేటలను చుట్టుపక్కల పల్లెలలో ముంచి, ప్రతిపక్షాల ఓట్లు వృథా అయ్యేలా హద్దులు అమర్చడం ఒక విద్యగా మారింది. భారతదేశంలో లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో నడుస్తున్నదీ ఆధిక్యతా పద్ధతే అయినా, అక్కడ ఒక స్థానానికి ఒక నియోజకవర్గం ఉండడం వల్ల ఒక ప్రాంతంలో ఓడిన పార్టీ పక్క ప్రాంతంలో గెలిచే అవకాశం మిగులుతుంది; పలు స్థానాల నియోజకవర్గంలో ఆ ఊరట కూడా కొరవడుతుంది.

ఈ అన్యాయం మీద తొలి ఆలోచన జెనీవాలో మొలకెత్తింది. ఫ్రెంచి సామ్యవాది విక్తోర్ కాన్సిదెరాఁ 1846లోనే జెనీవా ప్రతినిధులకు లేఖ రాస్తూ, ప్రతి అభిప్రాయానికీ దాని బలానికి తగినంత ప్రాతినిధ్యం ఉండాలని ప్రతిపాదించాడు. అప్పట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. 1864 ఆగస్టులో అదే నగరంలో ఒక ఎన్నిక ఫలితం మీద వీధులలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయిన తరువాత, ఎర్నెస్ట్ నావిల్ అనే తత్వవేత్త మరుసటి ఏడాది సంస్కరణ సంఘాన్ని స్థాపించి, గెలిచినవాడికి సర్వం, ఓడినవాడికి శూన్యం అనే పద్ధతి ఉన్నంతకాలం ప్రతి ఎన్నికా చిన్నపాటి యుద్ధమే అవుతుందని జీవితాంతం వాదించాడు. 1909లో ఆయన కన్నుమూసే నాటికి పలు కాంటన్లు ఆ వాదాన్ని చట్టంగా మార్చుకున్నాయి గాని సమాఖ్య మాత్రం మార్చుకోలేదు.

కాంటన్లలో ఈ మార్పుకు దారి తీసినది సిద్ధాంతం కాదు, రక్తపాతం. ఇటాలియన్ భాష మాట్లాడే టిచినో కాంటన్‌లో 1889లో కన్జర్వేటివ్‌లకూ ఉదారవాదులకూ దాదాపు సమానంగా ఓట్లు రాగా, స్థానాలు మాత్రం కన్జర్వేటివ్‌లకు రెట్టింపుకు పైగా దక్కాయి. 1890 సెప్టెంబరు 11న ఉదారవాదులు ఆయుధాలతో ప్రభుత్వ భవనాన్ని ఆక్రమించారు. లుయీజీ రోస్సీ అనే కాంటన్ మంత్రి ఆ ఘర్షణలో హతుడయ్యాడు. సమాఖ్య సైన్యం దిగి శాంతిని నెలకొల్పింది. రాజీ మార్గంగా టిచినోకు, ఓట్ల నిష్పత్తిలో స్థానాలిచ్చే దామాషా పద్ధతిని సమాఖ్య ప్రభుత్వమే సూచించింది, 1891లో అది అమలైంది. అదే ఏడాది న్యూషాటెల్, మరుసటి ఏడాది జెనీవా ఆ బాట పట్టాయి. గమనించదగిన సంగతి ఏమిటంటే, ఒక కాంటన్‌లో శాంతికి దామాషా తప్ప మార్గం లేదని తేల్చిన బెర్న్‌లోని సమాఖ్య పాలకులు, అదే సూత్రం తమ సొంత సభకు వర్తించే మాట వచ్చినప్పుడు ఇరవై ఏళ్లకు పైగా అడ్డుపడ్డారు.

ఇక్కడ స్విస్ రాజ్యాంగంలోని ఒక ప్రత్యేక ఏర్పాటును వివరించాలి. 1891 నుంచి ఆ దేశంలో నిర్ణీత సంఖ్యలో ఓటర్లు (1977 దాకా ఏభై వేలమంది) సంతకాలు చేస్తే రాజ్యాంగంలోని ఏ అధికరణాన్నయినా మార్చే ప్రతిపాదనను నేరుగా ప్రజల ఓటుకు పెట్టవచ్చు. దీనినే ప్రజా ప్రతిపాదన హక్కు అంటారు. పార్లమెంటు తన అభిప్రాయం చెప్పవచ్చు, తిరస్కరించమని సలహా ఇవ్వవచ్చు, ప్రతిపాదనను ఆపివేయడం మాత్రం దాని వశంలో లేదు. అయితే అలాంటి ప్రతిపాదన నెగ్గాలంటే రెండు ఆధిక్యతలు కావాలి: దేశం మొత్తం మీద పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి, అప్పటి 22 కాంటన్లలో సగానికి మించి కూడా అంగీకరించాలి. కాథలిక్ కన్జర్వేటివ్‌లు, సోషల్ డెమొక్రాట్లు ఈ హక్కును ఆసరాగా చేసుకుని ఏకమయ్యారు. మతం విషయంలోనూ ఆస్తి విషయంలోనూ ఉత్తర దక్షిణ ధ్రువాల వంటి ఈ రెండు పక్షాలను కలిపినది తమ ఓట్లకు తగిన స్థానాలు రాకపోవడమనే ఉమ్మడి కష్టమే.

జాతీయ మండలికి దామాషా పద్ధతి కోరే ప్రతిపాదనపై మొదటి ఓటింగు 1900 నవంబరు 4న జరిగింది. ప్రతిపాదన ఓడిపోయింది, పదిన్నర కాంటన్లు మాత్రమే సమ్మతించాయి. రెండవది 1910 అక్టోబరు 23న వచ్చింది. ఈసారి 12 కాంటన్లు అంగీకరించాయి, అంటే కాంటన్ల ఆధిక్యత లభించింది, కాని ప్రజల ఓట్లలో అనుకూలం 47.5 శాతం దగ్గర ఆగిపోయింది. సుమారు 25 వేల ఓట్ల తేడా. సంస్కరణవాదులు నిరాశపడి చెదిరిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వారు మూడేళ్లు తిరగకుండా 1913లో లక్షకు పైగా సంతకాలతో మూడవ ప్రతిపాదనను దాఖలు చేశారు. రాజకీయ ధైర్యానికి ఉదాహరణలు వెతికేవారు యుద్ధరంగాల వైపు చూస్తారు గాని, రెండుసార్లు ఓడిన ఒక రాజ్యాంగ సవరణను పట్టుకుని మళ్లీ ఇంటింటికీ సంతకాల కాగితాలతో తిరిగిన ఈ అనామకుల ఓపిక అంతకంటే తక్కువది కాదు.

ప్రపంచ యుద్ధం మొదలు కావడంతో ఆ ప్రతిపాదన అయిదేళ్లపాటు అలాగే ఉండిపోయింది. స్విట్జర్లాండ్ తటస్థ దేశమే అయినా యుద్ధం దాన్ని వదిలిపెట్టలేదు. 1914 ఆగస్టులో పార్లమెంటు సమాఖ్య మండలికి అపరిమిత అధికారాలు అప్పగించింది. సరిహద్దు కాపలాకు పిలిచిన సైనికులకు కోల్పోయిన జీతానికి పరిహారం లేక వారి కుటుంబాలు అవస్థ పడ్డాయి. ధరలు రెట్టింపు దాటాయి. 1918 నాటికి నలభై లక్షల లోపు జనాభాలో దాదాపు ఏడు లక్షలమంది రాయితీ ధరల ఆహారం మీద ఆధారపడ్డారు. అదే సమయంలో యుద్ధపు సరఫరాలతో లాభాలు గడించినవారూ, మంచి ధరలు చూసిన వర్గాలూ ఉండడంతో, ఒకే పార్టీ అందరి పేరుతో పరిపాలిస్తున్నదనే నమ్మకం సడలిపోయింది. 1918 అక్టోబరు 13న, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశాన్ని పట్టి పీడిస్తున్న రోజులలో జరిగిన మూడవ ఓటింగులో, 66.8 శాతం ఓటర్లు, పందొమ్మిదిన్నర కాంటన్లు దామాషా పద్ధతిని ఆమోదించాయి.

నెల తిరగకముందే దేశం సార్వత్రిక సమ్మెలోకి ప్రవేశించింది. రష్యా, జర్మనీలలోని విప్లవాల భయంతో సైన్యాన్ని జూరిక్‌లోకి పంపడం కార్మికులను రెచ్చగొట్టింది. సోషల్ డెమొక్రాట్లూ కార్మిక సంఘాలూ కలిసి ఏర్పరచుకున్న ఓల్టెన్ కమిటీ, రాబర్ట్ గ్రిమ్ నాయకత్వాన, నవంబరు 12 నుంచి దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చింది. సుమారు రెండున్నర లక్షలమంది పని మానారు. తొమ్మిది కోర్కెల జాబితాలో మొట్టమొదటిది దామాషా పద్ధతిపై జాతీయ మండలికి వెంటనే కొత్త ఎన్నిక జరపాలన్నది. రెండవది స్త్రీలకు ఓటు హక్కు. ఆ తరువాతి వాటిలో వారానికి 48 గంటల పని, వృద్ధాప్య బీమా ఉన్నాయి. సైనికబలం, ప్రభుత్వపు గడువు ఎదుట కమిటీ నవంబరు 14న సమ్మెను విరమించింది; ఆ రోజే గ్రెన్‌ఖెన్ పట్టణంలో సైనికుల కాల్పులలో ముగ్గురు కార్మికులు మరణించారు. సమ్మె ఓడిపోయిందని అందరూ భావించారు. కాని దాని మొదటి కోర్కెకు రాజ్యాంగబద్ధమైన పునాదిని ప్రజలు అంతకు నెల ముందే వేసి ఉంచారు గనుక, మిగిలినది తేదీ ప్రశ్న మాత్రమే. 1917లో ఎన్నికైన సభ గడువు, అప్పటి నియమం ప్రకారం మూడేళ్లు, 1920 దాకా ఉంది. ఆ గడువును కుదించి ముందుగా ఎన్నిక జరపడానికి కూడా మరో రాజ్యాంగ ఓటింగు అవసరమైంది, 1919 ఆగస్టు 10న ఓటర్లు పెద్ద ఆధిక్యతతో అందుకు సమ్మతించారు.

ఈలోగా 1919 ఫిబ్రవరి 14 నాటి చట్టం కొత్త పద్ధతికి రూపం ఇచ్చింది. ఇకపై నియోజకవర్గాల హద్దులు గీయడమనేదే లేదు. ఒక్కో కాంటన్ ఒక్కో నియోజకవర్గం. బెర్న్‌కు 32 స్థానాలు, జూరిక్‌కు 25. యూరి వంటి చిన్న కాంటన్లకు ఒకే స్థానం ఉండడం వల్ల అక్కడ దామాషాకు చోటు లేక పాత ఆధిక్యతా సూత్రమే మిగిలింది. ఓటరుకు తన కాంటన్‌లో ఎన్ని స్థానాలుంటే అన్ని ఓట్లు ఉంటాయి. పార్టీ అచ్చువేసిన జాబితాను ఉన్నదున్నట్టు పెట్టెలో వేయవచ్చు. నచ్చని పేరు కొట్టివేసి, నచ్చిన పేరును రెండుసార్లు రాయవచ్చు. వేరే పార్టీ జాబితాలోని అభ్యర్థిని తెచ్చి తన జాబితాలో చేర్చుకోనూ వచ్చు. ముందుగా జాబితాకు పడ్డ ఓట్లను బట్టి పార్టీకి ఎన్ని స్థానాలో తేలుతుంది, ఆ స్థానాలలో ఎవరు కూర్చోవాలో వ్యక్తిగతంగా వచ్చిన ఓట్లు తేలుస్తాయి. పార్టీకి న్యాయమైన వాటా ఇస్తూనే, పార్టీ నాయకత్వం చేతికి ఓటరును అప్పగించకుండా కాపాడిన ఈ ఏర్పాటు దామాషా చట్టాలన్నిటిలోనూ ఉదాత్తమైన వాటిలో ఒకటి.

స్థానాల పంపిణీకి బాసెల్ నగరపు భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాగెన్‌బాఖ్-బిషోఫ్ రూపొందించిన లెక్కను తీసుకున్నారు. అయిదు స్థానాల కాంటన్‌లో మూడు జాబితాలకు వరుసగా 32,000, 19,000, 9,000 ఓట్లు వచ్చాయనుకుంటే, మొత్తమైన 60,000ను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే ఆరుతో, భాగించగా 10,000 వస్తుంది. దాని పై పూర్ణసంఖ్య 10,001 ఒక స్థానపు వెల అవుతుంది. మొదటి జాబితాకు మూడు, రెండవదానికి ఒకటి దక్కి, ఒక స్థానం మిగులుతుంది. ఆ మిగిలిన స్థానాన్ని ఒక్కొక్కరికీ ఇచ్చి చూసినప్పుడు స్థానానికి సగటున పడే ఓట్లు మొదటి జాబితాకు 8,000, రెండవదానికి 9,500, మూడవదానికి 9,000 అవుతాయి గనుక, అది రెండవ జాబితాకే చెందుతుంది. పాత పద్ధతిలో అయిదు స్థానాలూ మొదటి పార్టీకే పోయి ఉండేవి. ఇప్పుడు మూడు, రెండు. మూడవ జాబితాకు ఏమీ రాలేదన్నది కూడా చూడాలి: ఈ లెక్క సంపూర్ణ న్యాయం చేయదు, చిన్న కాంటన్లలో చిన్న పార్టీల మీద దాని బరువు ఎక్కువగానే పడుతుంది.

ఎన్నిక రోజున ఓటర్లలో 80 శాతం మంది పాల్గొన్నారు. రాడికల్ పార్టీకి 60 స్థానాలు, సోషల్ డెమొక్రాట్లకు 41, కాథలిక్ కన్జర్వేటివ్‌లకు 41, రైతులూ చేతివృత్తులవారూ కలిసి కొత్తగా నిలబెట్టుకున్న పార్టీకి 30, లిబరల్ పార్టీకి 9 దక్కగా, మిగిలినవి చిన్న పక్షాలకు పోయాయి. సోషల్ డెమొక్రాట్ల స్థానాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఇంతవరకూ ఊహించినదే జరిగింది.

ఊహకు అందనిది ఓట్ల శాతంలో ఉంది. 1917లో పాత పద్ధతిలో సోషల్ డెమొక్రాట్లకు 30 శాతానికి పైగా ఓట్లు వచ్చి ఇరవై స్థానాల ప్రాంతంలో ఆగిపోగా, 1919లో స్థానాలు రెట్టింపవుతున్నప్పుడు వారి ఓట్లు 23.5 శాతానికి తగ్గాయి. సమ్మెకు భయపడిన మధ్యతరగతి దూరమైందనే వివరణలో కొంత నిజం ఉంది, కాని అది పూర్తి సమాధానం కాదు. ఆధిక్యతా పద్ధతిలో చాలా నియోజకవర్గాల ఫలితం ముందే తేలిపోయి ఉండేది. పోటీయే లేని చోట్ల కాథలిక్ పల్లెలోనూ రాడికల్ పల్లెలోనూ ఓటరు ఇల్లు కదిలేవాడు కాదు. గెలుపు ఆశతో గట్టిగా పోరాడుతున్న సోషలిస్టు ఓటరు మాత్రం తప్పక వచ్చేవాడు. అందువల్ల పాత శాతాలు దేశపు నిజమైన అభిప్రాయానికి కొలతలు కావు. దామాషా వచ్చాక ప్రతి ఓటూ లెక్కలోకి ఎక్కుతుంది గనుక, అంతవరకు నిద్రాణంగా ఉన్న గ్రామసీమ ఒక్కసారిగా పోలింగుకు తరలివచ్చింది. మంచి ఎన్నికల పద్ధతి ఉన్న అభిప్రాయాన్ని కొలవడమే గాక, మౌనంగా ఉన్న అభిప్రాయాన్ని బయటికి కూడా తెస్తుందన్నదానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం దొరకదు.

ఆ మేలు ఎక్కువగా పొందినవారు రైతులు. పాత వ్యవస్థలో వారు రాడికల్ పార్టీ నీడలోనే ఉండేవారు, విడిపోతే ఇద్దరూ ఓడిపోతారన్న బెదురు వారిని అక్కడే కట్టి ఉంచింది. దామాషా ఆ బెదురును తొలగించింది. బెర్న్ కాంటన్‌లో రుడాల్ఫ్ మింగర్ అనే రైతు చుట్టూ 1918లో ఏర్పడిన పార్టీ తన తొలి సమాఖ్య ఎన్నికలోనే ఆ కాంటన్‌లోని 32 స్థానాలలో 16 గెలిచింది. రాడికల్‌లు పోగొట్టుకున్న స్థానాలలో పెద్ద భాగం సోషలిస్టులకు కాక, తమ ఇంటి నుంచి వేరుపడినవారికే వెళ్లిందన్నమాట.

అయితే స్థానాలు మారినంత మాత్రాన అధికారం మారలేదు. సభలో ఆధిక్యత పోయినా, రాడికల్‌లు కాథలిక్ కన్జర్వేటివ్‌లతో చేయి కలిపి పాలన సాగించారు. 1919 డిసెంబరులో ఫ్రీబూర్గ్‌కు చెందిన జాఁ-మారీ మ్యూజీ ఎన్నికతో కాథలిక్కులకు సమాఖ్య మండలిలో రెండవ స్థానం లభించింది, మిగిలిన అయిదూ రాడికల్‌లవే. 1847లో తుపాకులు పట్టి ఎదురెదురుగా నిలిచిన రెండు పక్షాలు సోషలిస్టులను బయట ఉంచడానికి ఒకే బల్ల చుట్టూ చేరాయి. స్విస్ రాజకీయాలలోని సమన్వయాన్ని ఆ ప్రజల సహజగుణంగా పొగడడం పరిపాటి. 1919 చెప్పేది వేరు. ఎవరికీ ఒంటరిగా ఆధిక్యత రాని సభ ఉన్నప్పుడు సమన్వయం గుణం కాకముందే అవసరం అవుతుంది, అవసరం ఏళ్ల తరబడి సాగితే అలవాటవుతుంది. 1929లో మింగర్ మంత్రివర్గంలో చేరాడు. సోషల్ డెమొక్రాట్లు మాత్రం మరో యుద్ధం నడిమిదాకా, 1943 వరకు, ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది ఎన్నికైన తొలి సోషలిస్టు మంత్రి ఎర్నెస్ట్ నాబ్స్, 1918 సమ్మె తరువాత సైనిక న్యాయస్థానం శిక్షించినవారిలో ఒకడు. అదే న్యాయస్థానం ఆరు నెలల ఖైదు విధించిన గ్రిమ్ 1946లో జాతీయ మండలికి అధ్యక్షుడిగా ఉన్నాడు.

ఇంత న్యాయం కోరిన ఎన్నికలో దేశపు వయోజనులలో సగానికి పైగా పాల్గొనలేదు, పాల్గొనే హక్కే వారికి లేదు. ఓట్ల వృథాను సహించేది లేదని ముప్పై ఏళ్లు వాదించినవారిలో అధికులకు, స్త్రీల ఓటు మొదలే లేకపోవడం అంతకంటే పెద్ద అన్యాయంగా తోచలేదు. ఈ ఎన్నిక చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే. ప్రశ్న ఎవరికీ తట్టలేదని చెప్పడానికి వీల్లేదు. సమ్మె కోర్కెలలో అది రెండవది. 1918 డిసెంబరులో వృద్ధ సోషలిస్టు నాయకుడు హెర్మన్ గ్రోయ్‌లిఖ్, రాడికల్ సభ్యుడు ఎమిల్ గోటిస్‌హైమ్ దానిపై జాతీయ మండలిలో విడివిడిగా తీర్మానాలు ప్రవేశపెట్టారు, వాటిని సమాఖ్య మండలి దశాబ్దాలపాటు పక్కన పెట్టింది. 1919 వేసవిలో న్యూషాటెల్, 1920లో జూరిక్, బాసెల్ నగర కాంటన్ల పురుష ఓటర్లు స్త్రీల ఓటును తిరస్కరించారు. ప్రజల ఓటు ద్వారానే హక్కు విస్తరించాలన్న నియమం దామాషాకు తోడ్పడింది, ఎందుకంటే అక్కడ నష్టపోయినవారి చేతిలో కూడా ఓటు ఉంది. ఓటే లేనివారికి అదే నియమం తలుపు మూసింది.

1959 ఫిబ్రవరి 1న జరిగిన సమాఖ్య ఓటింగులో స్త్రీల ఓటు హక్కును పురుషులు మూడింట రెండు వంతుల ఆధిక్యతతో నిరాకరించారు. అదే ఏడాది డిసెంబరు 17న సమాఖ్య మండలిలోని ఏడు స్థానాలను రాడికల్‌లకు రెండు, కాథలిక్కులకు రెండు, సోషల్ డెమొక్రాట్లకు రెండు, రైతుల పార్టీకి ఒకటి చొప్పున పంచారు. మంత్ర సూత్రంగా పేరుపొందిన ఆ పంపకంలో పాల్గొన్న నాలుగు పక్షాలూ 1919లో ముందుకు వచ్చిన నాలుగే. స్త్రీలకు ఓటు 1971 ఫిబ్రవరి 7న లభించింది. ఆ అక్టోబరు 31న, 1919 నాటి దామాషా సూత్రంపైనే, స్త్రీలూ పురుషులూ కలిసి జాతీయ మండలిని తొలిసారి ఎన్నుకున్నప్పుడు 200 స్థానాలలో 10 స్త్రీలకు దక్కాయి; ఆధిక్యతా పద్ధతిని వదలని రాష్ట్రాల మండలిలోకి జెనీవా నుంచి లీజ్ జిరార్దాఁ ఒక్కరే వచ్చారు.